కాగితం స్వరాల నుంచి ట్యాబ్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వర పుస్తకాలని స్కాన్ చేసి, ట్యాబ్‌లో చూసి పాడటం, వాయించడం గురించి దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు సంగీతం నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, భజన బృందాలవాళ్లు, చర్చి కొయర్ నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ అదే పాట పాడే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. కర్ణాటక సంగీతాన్ని తెలుగు స్వరలిపిలో చదివేవాళ్ల అవసరాలు వేరు, కీబోర్డు మీద స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి) చదివేవాళ్ల అవసరాలు వేరు కాబట్టి, ఏది ఎవరికో అక్కడక్కడే చెప్పాను.

మాస్టారూ, ముందు ఏ ట్యాబ్ కొనమంటారు?

ముందు ఏదీ కొనొద్దు. మీ దగ్గరున్న పుస్తకాలు, నోటుబుక్కులు ఉన్న ఫోన్‌తోనే స్కాన్ చేసి, పేర్లు పెట్టి, ఒక ఫోల్డర్‌లో సర్దుకోండి. అసలు పనంతా అక్కడే ఉంది. అది తేలాక ట్యాబ్ కొంటే కొన్న రోజు నుంచే వాడతారు. ట్యాబ్ ముందు కొని, స్కానింగు "తీరిగ్గా చేద్దాంలే" అనుకున్నవాళ్ల ఇళ్లలో అది పిల్లల కార్టూన్లకే అంకితమైపోవడం చాలానే చూశాను.

సరే, స్కానింగ్ అయింది అనుకోండి. ఎంత సైజు తీసుకోవాలి?

మీరు చదివేది ఏ సైజు కాగితమో దాన్నిబట్టి. తెలుగులో అచ్చయిన స్వర పుస్తకాలు ఎక్కువగా డెమీ సైజులో ఉంటాయి, అంటే వెడల్పు సుమారు 140 మిల్లీమీటర్లు. 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌ని నిలువుగా పెడితే తెర వెడల్పు దాదాపు 148 మిల్లీమీటర్లు వస్తుంది. పుస్తకంలో అక్షరం ఎంత ఉందో తెరమీదా అంతే కనబడుతుందన్నమాట, కాబట్టి గీతాలు, వర్ణాలు, కృతులు చదివేవాళ్లకి 11 అంగుళాలు చాలు, అంతకంటే పెద్దదానికి డబ్బు పోయక్కర్లేదు.

స్టాఫ్ నొటేషన్ అలా కాదు. అది ఏ4 మీద, కొన్నిసార్లు ఇంకా పెద్ద కాగితం మీద అచ్చవుతుంది. ఏ4 అంటే 210 బై 297, మూల నుంచి మూలకి 14 అంగుళాల పైమాటే. దాన్ని 11 అంగుళాల్లోకి కుదిస్తే ఐదు గీతలూ అతుక్కుపోతాయి, స్టాండు దూరంగా పెడితే ఇక చదవలేం. 2024 దాకా వచ్చిన ఐప్యాడ్ ప్రో 12.9 అంగుళాలది తెర సుమారు 197 బై 263 మిల్లీమీటర్లు, ఏ4కి బాగా దగ్గర. శామ్‌సంగ్‌లో 14.6 అంగుళాల అల్ట్రా ఉంది గానీ బాగా పొడుగు, వెడల్పు మాత్రం ఆ ఐప్యాడ్ అంతే, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఐప్యాడ్‌లో పాతది, సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా పర్వాలేదు, ఎందుకంటే పేజీ చూపించడానికి పెద్ద ప్రాసెసర్ ఏమీ అక్కర్లేదు. బ్యాటరీ ఎలా ఉందో మాత్రం చూసుకుని తీసుకోండి.

ఫోన్‌తో స్కాన్ చేస్తే చుక్కలు పోతున్నాయి, ఏం చేయాలి?

దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన స్వరలిపిలో చుక్కే సగం సంగీతం. స్వరం పైన చుక్క ఉంటే తారస్థాయి (పై స్థాయి), కింద ఉంటే మంద్రస్థాయి (కింది స్థాయి). స్కానింగ్ యాప్‌లు వాటంతటవి "బ్లాక్ అండ్ వైట్" ఫిల్టరు వేసేస్తాయి, ఆ ఫిల్టరుకి చిన్న చుక్క అంటే చెత్త, తుడిచేస్తుంది. తుడవనప్పుడు ఇంకో తంటా: కాగితం మీదున్న బూజు మచ్చ, పురుగు కొరికిన చిల్లు నల్లచుక్కగా తేలి, మధ్యస్థాయి రి కాస్తా తారస్థాయి రి అయి కూర్చుంటుంది. పిల్లలు అలాగే నేర్చేసుకుంటారు, తర్వాత మాన్పించడం మహా కష్టం.

కాబట్టి ఎప్పుడూ గ్రేస్కేల్ (బూడిద ఛాయలు) గానీ రంగు గానీ పెట్టండి. ఫైలు కొంచెం బరువవుతుంది, అవనివ్వండి, పేజీకి ఒక ఎంబీ వేసుకున్నా వెయ్యి పేజీలకి సుమారు ఒక జీబీయే. జిరాక్స్ షాపులో ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద చేయిస్తే 300 డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే లెక్క) అని అడగండి.

పాత పుస్తకాల కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకి కనబడతాయి. ఆ పేజీ వెనక నల్ల కాగితం ఒకటి పెట్టి ఫోటో తీయండి, వెనక అచ్చు చాలావరకు మాయమైపోతుంది. తెల్ల కాగితం పెడితే ఇంకా ఎక్కువ కనబడుతుంది, అందుకని నల్లదే. గుమ్మం దగ్గర పగటి వెలుగులో, ఎండ నేరుగా పడకుండా, ఫ్లాష్ ఆపి తీయాలి. కుట్టు బైండింగ్ పుస్తకాన్ని బల్లపరుపుగా విప్పాలని నొక్కితే వెన్ను విరుగుతుంది, కుడి పేజీలన్నీ ఒకసారి, ఎడమ పేజీలన్నీ ఇంకోసారి తీసుకుని తర్వాత కలుపుకోవడం మేలు.

యాప్ ఏదంటే, అడోబీ స్కాన్ ఉంది, గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ బొత్తాం ఉంది. కామ్‌స్కానర్‌ని 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించింది, ఇంకా దానికోసం వెతికేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.

గురువుగారి చేతిరాత నోటుబుక్కులు ఉన్నాయి, సిరా వెలిసిపోయింది.

వాటినే మొదట స్కాన్ చేయండి, అచ్చు పుస్తకాలు తర్వాత. అచ్చు పుస్తకం ఇంకో ప్రతి ఎక్కడో దొరుకుతుంది, ఇది దొరకదు. రంగులోనే తీయండి, నీలం సిరా రూళ్ల గీతల మీద వెలిసిపోయినప్పుడు రంగు తేడా ఒక్కటే మిగిలిన ఆధారం. మన వైపు వానాకాలం తేమ, చెదలు సంగతి చెప్పక్కర్లేదు, వచ్చే జూన్ లోపు అయిపోవాలని పెట్టుకోండి.

పేర్లు ఎలా పెట్టాలి? అన్నీ "స్కాన్ 001" అని ఉన్నాయి.

ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడండి. ఏ పద్ధతైనా ఫరవాలేదు, రెండు పద్ధతులు కలిస్తేనే గొడవ. నాకు నచ్చేది: రాగం, తాళం, పాట మొదటి మాటలు, కర్త, ఈ వరసలో. రాగం ముందుంటే కల్యాణివన్నీ ఒకచోట, మోహనవన్నీ ఒకచోట చేరతాయి, ఇవాళ క్లాసులో ఏ రాగం నడుస్తుందో అది తీస్తే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే మాత్రం స్పెల్లింగు ముందే నిర్ణయించుకోండి. ఒకచోట టి తర్వాత హెచ్ పెట్టి, ఇంకోచోట పెట్టకపోతే త్యాగరాజ కృతులు రెండు గుంపులుగా చీలిపోతాయి, వెతికినప్పుడు సగమే వస్తాయి. తెలుగులోనే పెట్టుకుంటే ఈ బాధ లేదు, ఇప్పటి యాప్‌లన్నీ తెలుగు పేర్లు చదువుతాయి.

యాప్‌లో జానర్, కంపోజర్ అని గళ్లు ఉంటాయి. జానర్ గడిలో రాగం రాసుకోండి, ఎవరూ కేసు పెట్టరు.

ఏ యాప్ మంచిది?

ఐప్యాడ్ అయితే ఫోర్‌స్కోర్. ఆండ్రాయిడ్ అయితే మొబైల్‌షీట్స్. రెండూ ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేవే, ఫోర్‌స్కోర్‌లో కొన్ని అదనపు సదుపాయాలకి మాత్రం ఏటా కట్టాలి, అవి లేకపోయినా బండి నడుస్తుంది. మామూలు పీడీఎఫ్ యాప్‌తో కొన్నాళ్లు గడిపి చూడండి, పాటల జాబితా, గుర్తులు, పేజీ గెంతడం లాంటివి కావాలనిపించినప్పుడు కొనుక్కోవచ్చు.

పల్లవి మొదటి పేజీలో ఉంటుంది, చరణం మూడో పేజీలో. ప్రతిసారీ వెనక్కి తిప్పాలా?

అక్కర్లేదు, నా మటుకు ట్యాబ్ కొనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఫోర్‌స్కోర్‌లో లింకులని, మొబైల్‌షీట్స్‌లో లింక్ పాయింట్లని ఉంటాయి. అనుపల్లవి ముగిసే చోట చిన్న గుండ్రం పెడతారు, అది నొక్కగానే పల్లవి మొదటి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) దగ్గరికి వెళ్లిపోతుంది. చరణం చివర ఇంకొకటి. వర్ణం అయితే ముక్తాయి స్వరం తర్వాత పల్లవికి, ప్రతి చిట్టస్వరం తర్వాత చరణానికి, ఇలా దారులన్నీ ముందే వేసిపెట్టుకోవచ్చు. ఒక పాటకి అయిదు నిమిషాలు పడుతుంది.

ఇంకో దారి ఉంది, చాలామందికి అదే సులువు: పల్లవి పేజీని కాపీ చేసి పీడీఎఫ్‌లో అనుపల్లవి తర్వాత ఒకసారి, చరణం తర్వాత ఒకసారి పెట్టేయడం. మూడు పేజీల పాట అయిదు పేజీలవుతుంది, కానీ ఇక వెనక్కి తిప్పే పనే లేదు, ముందుకి పోతూ ఉండటమే. చర్చి పాటల్లో ప్రతి చరణం తర్వాత పల్లవి వచ్చేవాటికి ఇది బాగా కుదురుతుంది.

కాలితో పేజీ తిప్పే పెడల్ తీసుకోవాలా?

కుర్చీలో కూర్చుని కీబోర్డు వాయించేవాళ్లు, నిలబడి వయొలిన్ వాయించేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోండి. ఎయిర్‌టర్న్, పేజ్‌ఫ్లిప్ అని బ్లూటూత్ పెడళ్లు వస్తాయి. ట్యాబ్ వాటిని కీబోర్డు అనుకుంటుంది, కాలు వేస్తే పేజీ డౌన్ మీట నొక్కినట్టు. అందుకే పెడల్ కలిపి ఉన్నంతసేపు తెరమీద టైపు చేసే కీబోర్డు రాదు, ట్యాబ్ చెడిపోయిందని కంగారు పడకండి, బ్లూటూత్ ఆపితే వస్తుంది.

కింద కూర్చునేవాళ్ల సంగతి వేరు. కర్ణాటక వయొలిన్‌లో వాద్యం తల కుడి పాదం దగ్గర ఆని ఉంటుంది, ఆ కాలు కదిపితే శ్రుతే కదులుతుంది. రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. వాళ్లకి నేను చెప్పేది సగం పేజీ తిప్పడం: కింది సగం చదువుతుండగా పై సగంలో తర్వాతి పేజీ వచ్చేస్తుంది, కాబట్టి ఎప్పుడు తిప్పినా నష్టం లేదు, తాళంలో ఖాళీ దొరికినప్పుడు వేలు తగిలిస్తే సరి. హార్మోనియం వాయించేవాళ్లు అదృష్టవంతులు, తిత్తిలో గాలి క్షణం నిలుస్తుంది, తిత్తి కొట్టే చెయ్యి తీసి తెర మీద ఒకసారి తట్టి మళ్లీ పెట్టేయొచ్చు. బయటివాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఫోర్‌స్కోర్‌లో ముఖం సైగలతో పేజీ తిప్పే సదుపాయం కూడా ఉంది, కన్ను గీటితే గానీ పెదవి పక్కకి తిప్పితే గానీ పేజీ మారుతుంది. ఇది కొన్ని ఐప్యాడ్‌లలోనే పనిచేస్తుంది. వాద్యకారులకి ఓకే. భజనలో ముందు వరసలో కూర్చుని పాడే ఆడవాళ్లు, మగవాళ్లు కన్ను గీటుతుంటే ఊళ్లో ఏమంటారో ఆలోచించుకుని వాడండి.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒడియా మీడియం.

ఇది మన వైపు ప్రతి రెండో ఇంట్లో ఉన్న ప్రశ్నే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, తాతల నాటి స్వర పుస్తకాలన్నీ తెలుగులో ఉన్నాయి, మనవలేమో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు.

అక్షరముఖ అని ఉచితంగా లిపి మార్చే సాధనం ఉంది, తెలుగులో టైపు చేసిన సాహిత్యాన్ని ఒడియా లిపిలోకి మార్చేస్తుంది. స్కాన్ చేసిన బొమ్మ కాకుండా టైపు చేసింది ఇవ్వడం మేలు. స్వరాలకి సమస్య లేదు, ఏ లిపిలోనైనా స రి గ మలే. సాహిత్యం దగ్గరే చూసుకోవాలి. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు, అందుకని పిల్ల "ఎందుకు"ని "ఏందుకు" అని దీర్ఘం తీసి పాడుతుంది, ఆ దీర్ఘంతో తాళంలో అక్షరం ఒకటి అటూ ఇటూ అవుతుంది. అకారాన్ని ఒకారంలా పలికే అలవాటు, వకారాన్ని బకారంగా చదివే అలవాటు కూడా వస్తాయి. మార్చిన ప్రతిని ట్యాబ్‌లో పెట్టాక పెద్దవాళ్లు పక్కన కూర్చుని హ్రస్వాలున్న చోటల్లా ఎర్ర గీత పెట్టి ఇవ్వాలి. అసలు తెలుగు పేజీ ఒకటి, ఒడియా పేజీ ఒకటి పక్కపక్కనే పీడీఎఫ్‌లో పెడితే ఏడాది తిరిగేసరికి పిల్లలు తెలుగు అక్షరాలూ గుర్తుపట్టేస్తారు, ఇది నేను ఆశించకుండా చూసిన లాభం.

డీటీపీ షాపులో టైపు చేయించిన ఫైలు ట్యాబ్‌లో పిచ్చి అక్షరాలుగా వస్తోంది.

అది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసింది అయ్యుంటుంది. ఆ ఫాంటు మీ ట్యాబ్‌లో లేదు కాబట్టి అలా కనబడుతుంది. షాపువాళ్లని ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ అడగండి, అదే సులువైన దారి. యూనికోడ్‌లో మీరే టైపు చేద్దామనుకుంటే స్థాయి చుక్కల దగ్గర ఇబ్బంది పడతారు, చాలా తెలుగు ఫాంట్లు అక్షరం మీద చుక్కని సరిగ్గా కూర్చోబెట్టవు, పక్కన సున్నాలాంటి గుండ్రం వస్తుంది. స్వరాలు టైపు చేసి, చుక్కలు మాత్రం ట్యాబ్‌లో పెన్నుతో పెట్టుకోవడం నాకు తెలిసినంతలో తక్కువ తలనొప్పి.

శ్రుతి మారిస్తే నొటేషన్ మార్చాలా?

తెలుగు స్వరలిపికి అక్కర్లేదు, షడ్జమం (స) ఎక్కడ పెట్టుకుంటే అక్కడే. స్టాఫ్ నొటేషన్‌కి మార్చాలి, దానికి మ్యూజ్‌స్కోర్ ఉచితం, కంప్యూటర్‌లో పాట ఎక్కించి శ్రుతి మార్చి కొత్త పీడీఎఫ్ తీసుకోవచ్చు. కొయర్‌లో ఆల్టోవాళ్లకి (తగ్గు గొంతుతో పాడే ఆడవాళ్లకి) ఎత్తు సరిపోనప్పుడు బాగా పనికొస్తుంది.

ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి? వాట్సాప్‌లో వచ్చినవి వాడుకోవచ్చా?

పాశ్చాత్య సంగీతానికి ఐఎంఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైటు ఉంది, 2006లో మొదలైంది, బాఖ్, బీథోవెన్ అంతా అక్కడే. కొయర్ పాటలకి సీపీడీఎల్ అనే ఇంకో వెబ్‌సైటు. కర్ణాటక సంగీతానికి సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది, గమకాలకి (స్వరాన్ని ఊపే తీరులకి) గుర్తులతో సహా. స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో దొరుకుతాయి. మొదట్లో ఆ గుర్తులు చూసి భయపడతారు, గురువు పక్కన లేకుండా దిగకండి.

మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. త్యాగరాజస్వామి 1847లో పోయారు, కృతి ఎవరిదీ కాదు. కానీ ఆ కృతికి నిన్నమొన్న ఒకరు స్వరపరిచి అచ్చేసిన పుస్తకం వాళ్లది. మీరు కొన్న పుస్తకాన్ని మీ సొంతానికి స్కాన్ చేసుకోవడం ఒక సంగతి, ఆ పీడీఎఫ్‌ని రెండొందలమంది ఉన్న గ్రూపులో పెట్టడం ఇంకో సంగతి. తెలుగు స్వర పుస్తకాలు వేసేవాళ్లే తక్కువ, అమ్ముడయ్యే నాలుగు ప్రతులూ మనమే ఆపేస్తే తర్వాతిది ఎవరు వేస్తారు?

కరెంటు పోతే? తుఫాను వస్తే?

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది సరిగ్గా దసరా నవరాత్రుల్లో, గజపతి జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. పవర్ బ్యాంకు తప్పనిసరి. దసరా, కార్తీకం, క్రిస్మస్ కార్యక్రమాలకి ఆ రోజు పాడే జాబితా వరకు అచ్చు తీసి సంచిలో పెట్టుకోండి, పది కాగితాలు బరువేమీ కాదు. ఇంటర్నెట్ మీద ఆధారపడొద్దు, కొండల వైపు ఊళ్లకి వెళ్తే సిగ్నల్ ఉండదు, ఫైళ్లు ట్యాబ్‌లోనే దిగి ఉండాలి. డ్రైవ్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి అదనం.

ఎండ సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని యాపిల్ చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు పందిట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. వేడెక్కితే ముందు వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది, తర్వాత హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. పాడుతున్నప్పుడు తప్ప మిగతా సమయంలో ఎండపొడ తగలకుండా గుడ్డ సంచిలో పెట్టండి, ఛార్జింగ్ పెట్టి వాడకండి, కవరు తీసేయండి.

వేదిక మీద ట్యాబ్ చూసి పాడితే పెద్దలు ఏమనుకుంటారు?

కొందరు అనుకుంటారు. ప్రధాన గాయకులు కచేరీలో కంఠస్థం చేసి పాడటమే పద్ధతని నేనూ ఒప్పుకుంటాను, చూసి పాడుతుంటే మనోధర్మం (అప్పటికప్పుడు అల్లి పాడటం) తెరకి కట్టుబడిపోతుంది. భజనకి, కొయర్‌కి, పక్కవాద్యానికి, క్లాసుకి ఆ నియమం పెట్టక్కర్లేదు. బ్రస్సెల్స్ ఫిల్హార్మోనిక్ వాళ్లు 2012లోనే కాగితం లేకుండా ట్యాబ్‌ల మీద వాయించి చూపించారు. వేదికెక్కే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పెడల్ ఉంటే బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేసి, తెర ఆరిపోకుండా ఆటోలాక్ ఆపండి. మంగళహారతి మధ్యలో వాట్సాప్ కాల్ మోగితే అప్పుడు నిజంగానే అనుకుంటారు.

ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం పాశ్చాత్య సంగీతం గ్రేడ్ పరీక్షలకి తీసుకెళ్లొచ్చా?

ఆ ఏడాది సిలబస్‌లో ఈ సంగతి ఉంటుంది, అది చదివి వెళ్లండి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోండి, అసలు పుస్తకం కూడా పట్టుకెళ్లండి.

గురువుగారు కాగితం మీదే గుర్తులు పెడతానంటున్నారు.

పెట్టనివ్వండి. ఇంటికొచ్చి ఆ పేజీ మళ్లీ స్కాన్ చేసుకుంటే పోయింది. పెద్దాయన చేతికి పెన్ను ఇచ్చి తెరమీద రాయమనడం మర్యాద కాదు, ఆయనే అడిగితే తప్ప. మీ సొంత గుర్తులకి మాత్రం ట్యాబ్ సుఖం: గమకాలకి ఒక రంగు, ఊపిరి తీసుకునే చోటికి ఒక రంగు, వద్దనుకుంటే చెరిపేయొచ్చు. శామ్‌సంగ్ ఎస్ శ్రేణిలో పెన్ను దాంతోపాటే వస్తుంది, ఐప్యాడ్‌కి విడిగా కొనాలి.

స్కాన్ చేసేశాక పాత పుస్తకాలు చిత్తుకాగితాలవాడికి వేసేయొచ్చా?

అచ్చు పుస్తకాలు నేర్చుకునే పిల్లలకి ఇవ్వండి. చేతిరాతవి ఉంచండి. వేపాకు వేసి, గోడకి ఆనకుండా పెట్టెలో.

ఇంట్లో టచ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, అది సరిపోదా?

ఇంట్లో సాధనకి భేషుగ్గా సరిపోతుంది, మొబైల్‌షీట్స్ దాంట్లోనూ వస్తుంది. మడత తిరిగేదైతే నిలువుగా పెట్టుకోండి. ఫ్యాన్ రొద తంబురాలో కలిసిపోకుండా కాస్త దూరంగా.